భయము లేని చోటనే ప్రమాదము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల నుండి నేడు అనేకులు చదువునకో, ఉద్యోగమునకో, పిల్లలను చూచుటకో విదేశములకు పోవుచున్నారు. అక్కడ కారు కిరాయికి తీసుకొని తామే నడుపుకొనుట మామూలు. “తెలియని దేశము, క్షేమమేనా?” అని ఇంటివారు అడుగుదురు. ఈ ప్రశ్న చాల పాతది.

1880వ దశకములో సికింద్రాబాదు నుండి బెజవాడ వైపు రైలుమార్గము పడి, జనగామకును, మానుకోట అని మనము పిలిచే మహబూబాబాదుకును రైలు వచ్చువరకు, మన పెద్దలు ఎద్దుబండ్లు కిరాయికి కట్టించుకొని గుంపులుగా ప్రయాణము చేసేవారు. అడవి, పులి, దారిదోపిడి, ఇవి వారి భయములు. కాని 19వ శతాబ్ది తొలి భాగములో దక్కనులోను, ఉత్తరదేశములోను బాటసారులను చంపిన థగ్గుల పద్ధతి వేరు. వారు తామూ బాటసారులుగానే వచ్చి, మాట కలిపి, నమ్మకము కుదిరిన తరువాత ఉరి బిగించేవారు. నిజాము కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ప్రచురించిన నవలకు ఇదియే వస్తువు. భయమున్నంతసేపు మనిషి మేలుకొని ఉండెను. భయము తీరిన పిదప దెబ్బతినెను.

మోటారు కాలములో దీనికి స్వీడన్ దేశము నిదర్శనము. 1967 సెప్టెంబరు 3వ తేదీ ఉదయము 5 గంటలకు ఆ దేశమంతటా బండ్లు ఎడమవైపు నుండి కుడివైపునకు మారినవి. ప్రమాదములు పెరుగలేదు సరికదా, తగ్గినవి. ప్రతివాడును జాగ్రత్తగా నడుపుటయే కారణము. కొత్తదనము పోగా, కొలది కాలములోనే అవి మరల పూర్వపు స్థాయికి చేరినవి.

మనది ఎడమ, అమెరికాది కుడి. రద్దీ రోడ్డుపై మనవాడు పొరబడడు. ముందరి బండ్లే దారి చూపును. నాలుగు రోజులు గడచి ధైర్యము వచ్చిన తరువాత, వేకువన ఖాళీ రోడ్డుపైకి మలుపు తిరుగునప్పుడు చేయి పాత అలవాటునకు పోవచ్చును. మరియొక చిక్కు కొలతలది. అక్కడి బోర్డుపై 65 అని ఉన్నచో అవి మైళ్లు. మన లెక్కలో గంటకు సుమారు 105 కిలోమీటర్లు, అనగా సెకనుకు 29 మీటర్లు.

వేగము రెట్టింపైనచో గతిశక్తి నాలుగు రెట్లగును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో గోడను ఢీకొనుట సుమారు 6 మీటర్ల ఎత్తు నుండి పడుటతో సమానము. 80 కిలోమీటర్లయినచో 25 మీటర్లు. ఈ సూత్రమునకు స్వదేశము, విదేశము అను భేదము లేదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అయినను భూపాలపల్లి రోడ్డెక్కునప్పుడు “క్షేమమేనా?” అని మనలను ఎవరూ అడుగరు.

విద్యార్థులారా, ఈసారి బండి ఎక్కినప్పుడు వేగము చూపు ముల్లును గమనింపుడు. ఆ అంకె ఎన్ని మీటర్ల ఎత్తునకు సమానమో లెక్కగట్టుడు. తెలిసిన దారిలో మనకు కలుగవలసిన భయమును ఆ లెక్కయే చెప్పును.