దేహూ వర్తకుడు తుకారాం

తుకారాం పేరు విననివారు మనలో అరుదు. 1973లో వచ్చిన 'భక్త తుకారాం' చిత్రములో అక్కినేని నాగేశ్వరరావుగారిని చూచి కన్నీరు పెట్టుకొన్నవారు మీలో ఎందరో ఉందురు. కాని ఆ మహాత్ముడు తూనికలు, లెక్కలు, బాకీపత్రములు ఎరిగిన వర్తకుడని తలచుకొనువారు తక్కువ. ఈనాడు ఆ వర్తకుని గూర్చియే మేము కొంత మనవి చేయదలచినాము.

పుణె నగరమునకు సమీపమున, ఇంద్రాయణీ తీరమున దేహూ అను చిన్న ఊరు ఉన్నది. అక్కడ 1608 ప్రాంతమున తుకారాం జన్మించినాడు. కులముచేత సేద్యగాండ్రైన కుణబీలు, వృత్తిచేత వర్తకులు. పూర్వీకుడైన విశ్వంభరుడు నెలకొల్పిన విఠలుని గుడి ఆ ఇంటివారిదే. తండ్రి బోల్హోబా. అన్నగారు సావ్జీకి సంసారముపై మనసు నిలువలేదు. కనుక దుకాణభారము చిన్నతనముననే తుకారాం మీద పడినది. మొదటి భార్య రఖుమాయి ఉబ్బసరోగి యగుటచేత పుణెకు చెందిన జిజాయిని రెండవ భార్యగా తెచ్చినారు.

తలిదండ్రులు గతించినారు. వదినగారు పోయినది, అన్న తీర్థయాత్రలకు వెడలిపోయినాడు. ఇంతలో 1630 మొదలుకొని దక్కను దేశమును ఘోరక్షామము పట్టినది. కొనువాడు లేడు, బాకీ తీర్చువాడు లేడు. వర్తకము దివాలా తీసినది. రఖుమాయి అన్నము లేక ప్రాణము విడిచినది. కుమారుడు సంతూ కూడ పోయినాడు. ఈ మాటలు పరులు కల్పించినవి కావు. తన దివాలాను, భార్య ఆకలిచావును తుకారాం తన అభంగములలోనే దాచక చెప్పుకొన్నాడు.

తరువాత జరిగినదే మాకు ముఖ్యముగా తోచును. ఇంటిలో తండ్రినాటి ఋణపత్రములు మిగిలియున్నవి. వసూలు చేసికొనుటలో అధర్మము లేదు. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానమే మొదటిది. అయినను తుకారాం ఆ పత్రములను రెండు పాళ్లు చేసి, తమ్ముడు కాన్హోబా పాలు తమ్మునికి ఇచ్చి, తన పాలు మాత్రము ఇంద్రాయణిలో కలిపివేసినాడని సంప్రదాయము. అన్నీ పారవేసియుండిన ఆవేశమనవచ్చును. పరుని సొత్తుతో త్యాగము చేయరాదని ఎరిగి, లెక్కచూచి పంచి, ఆపైన విడిచినాడు. అది వర్తకుడు చేసిన త్యాగము. బాకీదారులు కూడ ఆ క్షామములో మాడినవారే కదా!

పాడుపడిన విఠలుని గుడిని బాగుచేసికొని, భండారా కొండపై నామస్మరణలో గడుపుచు ఆయన అభంగములు చెప్పసాగినాడు. జిజాయి నోటిదురుసును గూర్చి కథకులు నవ్వించుట పరిపాటి. రోజూ ఆ కొండ ఎక్కి భర్తకు అన్నము చేర్చినది ఆమెయే యని కూడ ఆ కథలే చెప్పుచున్నవి.

ఇక రామేశ్వరభట్టు ఘట్టము. వేదము చదువుకొన్న మావంటివారు దీనిని త్వరగా దాటివేయుట కద్దు. దాటరాదు. శూద్రుడు మరాఠీ పలుకులలో వేదార్థము చెప్పుట తగదని ఆ పండితుడు ఆక్షేపించగా, వ్రాతప్రతులు నదిలో వేయవలసివచ్చినది. ఋణపత్రములు మునిగిననాడు తిరిగి చూడని తుకారాం, ఈసారి ఒడ్డున శిలపై పదమూడు దినములు నిరాహారుడై కూర్చున్నాడు. ప్రతులు తడవక తేలివచ్చినవని భక్తుల విశ్వాసము. రామేశ్వరభట్టు ఆయన శిష్యుడై, గురువునకు హారతిపాట రచించినాడు. అభంగములను వ్రాసిపెట్టినవారిలో సంతాజీ జగనాడే గానుగ త్రిప్పు తెలికులవాడు. చదువు ఎవరి సొత్తో ఆ దేహూ ఒడ్డుననే తేలిపోయినది!

1650లో, ఫాల్గుణ బహుళ విదియనాడు తుకారాం వెడలిపోయినాడు. సశరీరముగా వైకుంఠమునకు ఏగినాడని వారకరీల నమ్మకము. విరోధులు చంపినారని కొందరు చరిత్రకారులు శంకించినారు, నిరూపించినవారు లేరు. మేము ఆ వివాదములో దిగము. ఆనాడు జిజాయి గర్భవతి, ఆ సంగతి మాత్రము మరువరాదు. తండ్రిని చూడని ఆ బిడ్డయే నారాయణుడు. పెద్దవాడై, తండ్రి పాదుకలను పల్లకిలో ఉంచి, దేహూ నుండి పండరికి నడిపించు యాత్రను 1685లో ఆరంభించినాడు. నేటికిని జ్యేష్ఠమాసమున ఆ పల్లకి కదలుచునే యున్నది.