ఎర్రమట్టి దిబ్బలు సరే.. అసలు జియోపార్క్ అంటే ఏంటి? రాళ్లు, గుట్టలు ఊరికి అన్నం పెడతాయా?

వైజాగ్ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలు చాలామంది చూసే ఉంటారు. సినిమా షూటింగ్‌లకు ఫేమస్. కానీ అవి వేల ఏళ్ల పాటు గాలి, సముద్రం, వాతావరణ మార్పులు కలిసి రాసిన భూమి చరిత్ర. ఒకసారి తవ్వేస్తే మళ్లీ రావు. ఇలాంటి చోట్లను కాపాడుతూనే స్థానికులకు ఉపాధి చూపించే విధానమే జియోపార్క్.

పార్క్ అంటే కంచె కాదు

పేరులో పార్క్ ఉన్నా గేటు, టికెట్ ఉండే తోట కాదిది. ఊళ్లు, పొలాలు, కొండలు అన్నీ కలిసిన ప్రాంతం. అక్కడి జనాన్ని ఖాళీ చేయించరు. 2015లో యునెస్కో దీనికి అధికారిక గుర్తింపు ఇచ్చింది. 2025 ఏప్రిల్ నాటికి 50 దేశాల్లో 229 జియోపార్క్‌లు ఉన్నాయి. అందులో మన దేశానిది ఒక్కటీ లేదు.

ఉపాధి ఎలా?

మలేసియాలోని లంకావి 2007లో ఆగ్నేయాసియాలో తొలి జియోపార్క్ అయింది. అక్కడి కిలిమ్‌లో ఒకప్పుడు చేపలు పట్టినవాళ్లే ఇప్పుడు మడ అడవులు, సున్నపురాయి కొండల మధ్య పర్యాటకులను పడవల్లో తిప్పుతున్నారు. గైడ్లు, హోంస్టేలు, స్థానిక వంటలు.. ఆదాయం ఊళ్లోనే ఉంటుంది. అయితే శిలాజాలు, ఖనిజాలు అమ్మే వ్యాపారంలో జియోపార్క్ పాలుపంచుకోకూడదు.

నాలుగేళ్లకోసారి పరీక్ష

గుర్తింపు శాశ్వతం కాదు. నాలుగేళ్లకోసారి తనిఖీ ఉంటుంది. బాగుంటే గ్రీన్ కార్డ్. లోపాలుంటే ఎల్లో కార్డ్, సరిదిద్దుకోవడానికి రెండేళ్ల గడువు. అప్పటికీ మారకపోతే రెడ్ కార్డ్, గుర్తింపు రద్దు.

మరి మన సంగతి?

2025 సెప్టెంబర్‌లో ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. ఇది జియోపార్క్ హోదా కాదు, రెండూ వేర్వేరు. పైగా యునెస్కో ముద్ర ఒక్కటే తవ్వకాలను ఆపలేదు. జియోపార్క్ కావాలన్నా ముందు ఆ స్థలానికి దేశ చట్టాల రక్షణ ఉండి తీరాలి. దిబ్బల దగ్గర తవ్వకాలపై గతంలో పెద్ద దుమారమే రేగింది. దిబ్బ నిలబడితేనే తమకు నాలుగు రూపాయలు వస్తాయని ఊరివాళ్లకు నమ్మకం కుదిరితే, వాళ్లకు మించిన కాపలా ఉండదు. ఈసారి అక్కడికి వెళ్తే ఫొటో తీసుకోండి.. గుప్పెడు మట్టి మాత్రం తెచ్చుకోకండి.