రాగిరేకుల్లో రాజమహేంద్రి చరిత్ర.. ఇంటిల్లిపాదీ చూడదగిన మ్యూజియం

రాజమహేంద్రవరం: పుష్కరఘాట్‌లో స్నానం, ఆలయ దర్శనం, ఆపై తిరుగు ప్రయాణం. నగరానికి వచ్చే అనేక కుటుంబాల యాత్ర ఇంతటితోనే ముగుస్తోంది. గోదావరి గట్టుకు చేరువలోనే ఉన్న శ్రీ రాళ్ళబండి సుబ్బారావు ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాలకు ఒక పూట కేటాయిస్తే, పిల్లలు పాఠాల్లో చదివే చరిత్రను కళ్లారా చూడవచ్చు.

పౌరుల సేకరణే పునాది

రాజరాజ నరేంద్రుడు 1022లో వేంగీ సింహాసనం అధిష్ఠించాడు. ఆ పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన 1922లో స్థానిక చరిత్రాభిమానులు ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని నెలకొల్పారు. ప్రభుత్వ కళాశాల అధ్యాపకుడు రాళ్ళబండి సుబ్బారావు, చరిత్రకారుడు భావరాజు వేంకట కృష్ణారావు వంటివారు దానికి జీవం పోశారు. మండలి సేకరణే ఆధారంగా 1967లో ప్రదర్శనశాల ఏర్పడింది. రాజుల ఖజానా నుంచి కాక, సామాన్య పౌరుల శ్రమ నుంచి పుట్టడమే దీని విశిష్టత.

ఏమి చూడాలి?

రాగిరేకులు: దానశాసనాలను రాగిరేకులపై చెక్కి, రంధ్రం గుండా ఉంగరం దూర్చి, దానికి రాజముద్ర వేసేవారు. అక్షరాలు ఒరిసిపోకుండా రేకుల అంచులను కాస్త ఎత్తుగా మలిచేవారు. తూర్పు చాళుక్యుల ముద్రపై వరాహం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే బిరుదు కనిపిస్తాయి. ఆదికవి నన్నయ 1053లో రచించిన నందంపూడి శాసనమూ ఇటువంటి రాగిరేకుల శాసనమే.

నాణేలు: బొమ్మతో పాటు లోహాన్నీ గమనించాలి. సాతవాహనులు సీసంతోనూ నాణేలు పోయించారు.

తాళపత్రాలు: గంటంతో గీసిన అక్షరాలు తొలుత కంటికి ఆనవు. మసి పూసి తుడిస్తేనే స్పష్టమవుతాయి. ఈ సంగతి చెబితే పిల్లలు ఆసక్తిగా చూస్తారు.

శిల్పాలు: చేతుల్లోని ఆయుధాలు, వాహనాన్ని బట్టి దేవతను పోల్చమని పిల్లలను అడగవచ్చు.

నగరంలోనే ఉన్న దామెర్ల రామారావు చిత్రకళా మందిరాన్నీ ఇదే రోజు చూడవచ్చు. 1897లో జన్మించిన రామారావు మశూచి సోకి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే కన్నుమూశారు. ఆయన చిత్రాలు ఇక్కడ భద్రంగా ఉన్నాయి. సెలవు దినాలు, వేళలు ముందుగా కనుక్కుని బయలుదేరడం మేలు.

పొలంలో దొరికితే..

దుక్కి దున్నేటప్పుడో, పునాది తవ్వేటప్పుడో పాత నాణేలు, రాగిరేకులు బయటపడటం పల్లెల్లో కొత్త కాదు. భయంతోనో ఆశతోనో వాటిని కరిగించినా, పాత సామాన్ల వ్యాపారికి అమ్మినా ఊరి చరిత్ర తిరిగి రాదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. దాచినవారికి వాటా పోవడమే కాక ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. నిజాయతీగా అప్పగించినవారికి మాత్రం చట్టమే హక్కు కల్పించింది. ప్రభుత్వం ఆ వస్తువును తీసుకోదలిస్తే లోహపు విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి.

వస్తువు ఎక్కడ, ఎంత లోతున, వేటితో కలిసి దొరికిందో చెప్పగలిగేది దాన్ని కనుగొన్న రైతు, కూలీ మాత్రమే. ఆ వివరం లేని నాణెం అద్దాల పెట్టెలో ఉన్నా ఏ ఊరిదో చెప్పలేదు. ప్రదర్శనశాల చూసి ఇంటికి వెళ్లిన పిల్లలు ఈ ఒక్క సంగతిని పెద్దలకు గుర్తుచేసినా ఆ పూట సార్థకమైనట్లే.