‘స్త్రీ’ని టైపు చేయడానికి ఎంతసేపు? హెచ్‌సీఐ బోధనలో తెలుగు కీబోర్డు

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో హ్యూమన్-కంప్యూటర్ ఇంటరాక్షన్ చాలాచోట్ల ల్యాబ్ లేని ఎలెక్టివ్. ఫిట్స్ సూత్రం (1954), నీల్సన్ పది హ్యూరిస్టిక్స్ (1994) యూనిట్లవారీగా నోట్స్‌లోకి ఎక్కుతాయి, పరీక్షలో నిర్వచనాలై బయటపడతాయి. 1992లో ఏసీఎం సిగ్‌చీ వెలువరించిన పాఠ్యప్రణాళిక ఈ శాస్త్రంలో రూపకల్పననూ, అమలునూ, మూల్యాంకనాన్నీ ఒక్కచోట చేర్చింది. మన తరగతిలో ఈ మూడింటిలో మూల్యాంకనమే కాస్త మిగిలింది, అదీ కాగితం మీద. ల్యాబ్‌కు ప్రత్యేక పరికరాలేవీ అక్కర్లేదు. విద్యార్థి జేబులో ఉన్న తెలుగు కీబోర్డునే పాఠ్యవస్తువు చేసుకుంటే, ఈ పద్ధతులు ఎలా పనిచేస్తాయన్నదే కాక, ఎలాంటి వాడుకరిని మనసులో పెట్టుకుని పుట్టాయో కూడా బయటపడుతుంది.

కార్డ్, మోరన్, న్యూవెల్ 1980లో ప్రకటించిన కీస్ట్రోక్-లెవెల్ మోడల్‌నే తీసుకుందాం. టైపిస్టు కాని సగటు మనిషికి ఒక కీ నొక్కడానికి 0.28 సెకన్లు, ఒకసారి మనసులో ఆలోచించుకోవడానికి 1.35 సెకన్లు అని వారి లెక్క. ‘స్త్రీ’ని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో కొట్టాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు కీలు. ఇంగ్లీషు స్పెల్లింగుతో కొడితే ఎస్, టీ, ఆర్, రెండు ఈలు, చివర స్పేస్, అదీ ఆరే. కానీ రెండో పద్ధతిలో, ఫోను చూపించిన మాట మనకు కావలసినదేనా అని ఒకసారి చూసుకోవాలి, అంటే ఇంకో 1.35. మొదట్లో చేసే ఒక ఆలోచననూ కలిపితే ఇన్‌స్క్రిప్ట్‌కు 3.03 సెకన్లు, రెండోదానికి 4.38. ఇన్‌స్క్రిప్ట్ గెలిచినట్టే.

గెలిచిందా మరి? ఆ ముగ్గురి పట్టికలోనే, కీబోర్డు బొత్తిగా అలవాటు లేనివారికి కీకి 1.20 సెకన్లని ఉంది. 1991లోనే భారతీయ ప్రమాణంలో చోటు సంపాదించినా ఇన్‌స్క్రిప్ట్ వేళ్లకెక్కిన వాళ్లు మన చుట్టూ అరుదు. ఆ అంకె వేస్తే లెక్క 8.55కు పోతుంది, ఫలితం తలకిందులవుతుంది. ఏ అంకె వేయాలో పుస్తకం చెప్పదు. విద్యార్థి స్టాప్‌వాచ్ పట్టుకుని అమ్మ దగ్గరకో, జిరాక్స్ షాపులో డీటీపీ చేసే అన్న దగ్గరకో వెళ్లాల్సిందే. అక్కడ ఇంకో చిక్కు ఎదురుకావచ్చు: వాళ్లు తెలుగులో టైపే చేయరు. మైకు నొక్కి మాట్లాడతారు, లేదా ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసి పంపేస్తారు. అప్పుడు మోడల్‌కు ఇచ్చిన పనే తప్పని తేలుతుంది. నా దృష్టిలో కోర్సు అసలు మొదలయ్యేది ఇక్కడే.

ఈ మోడల్ తప్పులు చేయని నేర్పరిని ఊహించుకుంటుంది. బ్యాక్‌స్పేస్ ఆ ఊహను చెదరగొడుతుంది. చాలా ఎడిటర్లలో ‘స్త్రీ’ మీద ఒకసారి నొక్కితే ‘స్త్ర’, మళ్లీ నొక్కితే ‘స్త్’ మిగులుతాయి. ఇంగ్లీషు స్పెల్లింగుతో రాసినవారు పొల్లు కీని ఎన్నడూ ముట్టలేదు, అయినా అది తెరమీదికొచ్చి కూర్చుంటుంది. ర వత్తు ఒక్కటే తీసేద్దామంటే మధ్యలోకి కర్సర్ దూరదు. యూనికోడ్ నియమాల ప్రకారం ఈ ఒక్క అక్షరం మొన్నమొన్నటిదాకా మూడు ముక్కలు. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో గాని ఒకటి కాలేదు. ఒక్కో నొక్కుకు తెరమీద ఏం మిగిలిందో వరసగా రాసుకురమ్మంటే చాలు, ‘సిస్టమ్ స్థితి కనబడాలి’ అన్న నీల్సన్ సూత్రం బట్టీ పట్టాల్సిన అవసరం రాదు. ఇలాంటి చర్చల్లో 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఐఫోన్లను కుప్పకూల్చిన సంగతి తరచూ వస్తుంది. బోధనకు అది అంతగా పనికిరాదు. క్రాష్ అందరికీ కనబడుతుంది, కంపెనీ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. బ్యాక్‌స్పేస్ పెట్టే తిప్పలు ఎవరూ ఫిర్యాదు చేయనివి, వాడేవారు తమకే చేతకాలేదనుకునేవి.

రూపకల్పన వైపుకొస్తే, ఐఐటీ బొంబాయి డిజైన్ విభాగం ఐడీసీలో తయారైన స్వరచక్ర కీబోర్డు మంచి పాఠం. హల్లు మీద వేలు పెడితే దాని గుణింతం చుట్టూ చక్రంలా విచ్చుకుంటుంది. ఒకటో తరగతి పలక మీద నేర్చిన జ్ఞానాన్నే ఇంటర్‌ఫేస్‌గా మలిచారు. ఫిట్స్ సూత్రానికీ ఇక్కడ పనుంది: వేలికి ప్రతి గుర్తూ దగ్గరే, కానీ వేలి కింద ఏముందో కనబడదు.

ఇక విద్యార్థుల పని మూల్యాంకనం. అరవైమంది సెక్షన్‌లో స్టూడియో తరహా విమర్శ ఒక్క అధ్యాపకుడి వల్ల అయ్యే పని కాదు. 2012లో స్కాట్ క్లెమ్మర్ కోర్సెరాలో నడిపిన హెచ్‌సీఐ కోర్సులో విద్యార్థులే ఒకరి పని ఒకరు దిద్దారు. అయితే ముందుగా సిబ్బంది మార్కులు వేసి ఉంచిన నమూనాల మీద చెయ్యి సరిచేసుకున్నాకే వేరేవారి పనికి మార్కులు వేశారు. మన ఇంటర్నల్స్‌కూ ఈ పద్ధతి సరిపోతుంది. రికార్డులో మూడుంటే చాలు: మోడల్ చెప్పిన సమయం, స్టాప్‌వాచ్ చెప్పిన సమయం, ఆ రెంటికీ తేడా ఎందుకొచ్చిందో అరపేజీ. మార్కుల్లో సగం ఆ అరపేజీకే ఇవ్వాలి. రంగురంగుల స్క్రీన్లకు వీలైనంత తక్కువ.