సైన్యము విడిచిన లారీలు

బషీర్‌బాగులో నిలిచి చూచినచో ఒక ప్రక్క ఫతేమైదానము, వేరొక ప్రక్క ఆబిడ్సు, దాని కావల నాంపల్లి. 1887లో నిజాము రాజ్యమునకు దివానైన సర్ ఆస్మాన్ జా బహదూరునకు బషీరుద్దౌలా అని బిరుదు. ఆ బిరుదు పేరిట వెలసిన తోట ఇది. మేడ పోయినది, తోట పోయినది, పేరు నిలిచినది. ఫతేమైదానపు కథ ఇంకను పాతది. 1687లో గోలకొండను ఎనిమిది నెలలు ముట్టడించిన మొగలు సేనలు ఆ బయలున విడిసియుండెననియు, గెలుపు తరువాత దానికా పేరు వచ్చెననియు చెప్పుదురు. ఆబిడ్సునకు కూతవేటు దూరమున ట్రూపు బజారు కలదు. నేడక్కడ సిపాయిలు లేరు. విద్యుద్దీపములు, తీగెలు అమ్ముదురు. సైన్యములు వెడలిపోయిన చోట పేర్లు మిగులుట మన నగరమునకు క్రొత్త కాదు. పేర్లతోపాటు ఇనుము కూడ మిగులును. ఆ ఇనుమును గూర్చియే మా ప్రసంగము.

నగరములో మోటారు మరమ్మతు ఒక క్రమబద్ధమైన విద్యగా నిలద్రొక్కుకొన్నది 1932 జూను నుండి అనవచ్చును. ఆ నెలలో నిజాము రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. రైలింజనుల ఇంట పుట్టిన శాఖ గనుక బండి చెడిన పిదప బాగుచేయుట కాక, చెడకముందే విప్పి చూచు అలవాటు దానికి పుట్టుకతో వచ్చినది. సొంత లారీదారునకు ఆ భాగ్యము లేదు. యుద్ధకాలమున పెట్రోలుకు కట్టడి వచ్చినది. వెనుక కొలిమి వంటి తొట్టి కట్టుకొని పొగలు చిమ్ముచు పోయిన బొగ్గు బస్సుల కథలు పెద్దల నోట విననివారు అరుదు.

1945లో యుద్ధము ముగిసినది. బర్మా సరిహద్దు కొరకు మన దేశమునకు తెచ్చిన వాహనములు వేలకొలది మిగిలిపోయినవి. వానిని ప్రభుత్వ డిస్పోజల్సు శాఖ వేలము వేసినది. అందుచే ప్రజలు వానిని డిస్పోజల్సు లారీలనిరి. కెనడాలో ఫోర్డు, షెవ్రొలే కంపెనీలు సైన్యమునకై 4 లక్షలకు పైగా చేసిన మొండిముక్కు లారీలును, అమెరికావారు 5 లక్షలకు పైగా చేసిన పదిచక్రముల జి.ఎం.సి. లారీలును వీనిలో ముఖ్యములు. గట్టివే, కాని అన్నియు పెట్రోలు త్రాగునవి. యుద్ధమునకు లెక్క లేదు. వర్తకునకు గ్యాలనుకు ఇన్ని మైళ్లని లెక్క. అందుచేత 1950 దశకములో మదరాసు సింప్సను కంపెనీవారి పెర్కిన్సు డీసెలు ఇంజనులు అందుబాటులోనికి రాగా, పాత లారీల గుండె మార్చు పని మొదలైనది.

ఇంజను మార్చుటయనగా ఒకటి తీసి వేరొకటి పెట్టుట మాత్రమే అనుకొనరాదు. డీసెలు ఇంజను బరువైనది గనుక ముందు స్ప్రింగు పట్టాలు చాలవు. అది పెట్రోలు ఇంజనంత వేగముగా తిరుగదు. వెనుక ఇరుసులోని పళ్ల లెక్క మార్చనిచో బండి నత్తనడక నడచును. ఇవన్నియు బండి ఎక్కినవానికి తెలిసివచ్చు లోపములు. తెలియక ప్రాణము తీయు లోపము మరియొకటి కలదు. పెద్ద మిలిటరీ లారీల బ్రేకులు తేలికగా పనిచేయుటకు పెట్రోలు ఇంజను గాలి పీల్చునప్పుడు కలుగు శూన్యమును వాడుకొనెడివి. డీసెలు ఇంజను గాలిని అడ్డులేక పీల్చును. దానియందు ఆ శూన్యము పుట్టదు. కావున శూన్యమును కల్పించు వేరొక చిన్న పంపును ఇంజనునకు తగిలింపవలెను. అది మరచిన మెకానికు కట్టిన లారీ సమభూమిపై చక్కగనే నడచును. నల్లమల ఘాటురోడ్డుపై కలప నింపుకొని దిగునప్పుడు గాని డ్రైవరుకు తన కాలిక్రింద బలము లేదని తెలియదు. ఈ విషయము తెలిసినవానికిని తెలియనివానికిని కూలి ఒక్కటే, షెడ్డు బోర్డు ఒక్కటే. బండి యజమాని ఎవరిని నమ్మవలెనో నోటిమాట వలననే తెలిసికొనెడివాడు.

ఇక డీసెలు ఇంజను గుణము వేరు. నిప్పురవ్వ లేదు, గాలిని బిగించి నొక్కగా పుట్టిన వేడికే నూనె మండవలెను. ఆ నూనెను సుమారు 150 నుండి 200 వాతావరణముల ఒత్తిడితో చిమ్ముటకు చిన్న గొట్టములు, పంపు కలవు. పంపులోని కడ్డీకిని దాని గూటికిని మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యింట రెండు మూడు వంతులు మాత్రమే. ఆ రెంటిని జతగానే అరగదీసి చేయుదురు. ఒక జత కడ్డీని వేరొక జత గూటిలో పెట్టరాదు. కల్తీ నూనెలోని ఒక్క ఇసుక రేణువు దానిని గీచివేయును. ట్యాంకు అడుగంటి గొట్టములోనికి గాలి దూరెనా, నూనె నిండుగా పోసినను ఇంజను కదలదు. అపుడు బిరడా వదులుచేసి, చేతి మీటతో నూనెను నెట్టుచు, నురుగు పోయి తేటనూనె కారువరకు ఓపిక పట్టవలెను. చీకటిలో, వానలో, రోడ్డు ప్రక్కన ఈ పని చేసిన డ్రైవర్లను మేము చూచితిమి. పొగ రంగును బట్టి రోగము చెప్పుట వారికి వెన్నతో పెట్టిన విద్య: నల్లనిది నూనె ఎక్కువైనదనియు, నీలిది పిస్టను రింగులు అరిగినవనియు, తెల్లనిది నూనె మండక బయటపడుచున్నదనియు.

1959లో జబల్పూరు ఆయుధ కర్మాగారమున శక్తిమాన్ లారీ తయారైనది. అది జర్మనీలోని ఎం.ఏ.ఎన్. సంస్థవారి నమూనా. రుడాల్ఫ్ డీసెలు 1897లో తన ఇంజనును నడిపి చూపినది ఔగ్స్‌బర్గులోని ఆ సంస్థ పూర్వపు కర్మాగారములోనే. అనగా ఇది డీసెలు పుట్టినింటి బండి. దశాబ్దముల పర్యంతము మన సైన్యమును మోసి, పాతబడినవి వేలములలో బయటికి వచ్చి, కలపకును, నీటి ట్యాంకర్లకును వినియోగపడినవి. వీని రాకతో మెకానికు సంచి బరువెక్కినది. ఇంగ్లండు బండికి విట్‌వర్తు పానాలు, అమెరికా బండికి అంగుళపు పానాలు, శక్తిమానుకు మిల్లీమీటరు పానాలు కావలెను. ఒకదానికి బదులు వేరొకటి వాడిన చేతిక్రింద నట్టుల మూలలు గుండ్రబడినవి. అట్టి నట్టును చూచియే అంతకుముందు చేయి వేసినవాడెటువంటివాడో చెప్పుదురు.

సికింద్రాబాదు తిరుమలగిరిలో ఇ.ఎం.ఇ. విభాగపు కళాశాల కలదు. అచ్చట ప్రతి బండికి పుస్తకము, ప్రతి పనికి తేదీ. వేలములో బండి వచ్చును గాని పుస్తకము రాదు. విడిభాగములకు రాణీగంజు, పుత్లీబౌలీ అంగళ్లు తిరిగి, ఏ బండి బేరింగు ఏ బండికి సరిపడునో కొలిచి చూచి కనుగొనవలెను. ఆ జ్ఞానమును వ్రాసిపెట్టినవారు లేరు. ఉస్తాదు చెప్పును, షాగిర్దు వినును. షాగిర్దు వేరు పనికి పోయినచో అది అక్కడితో సరి.

2023 ఏప్రిలు 1 నుండి పదునైదేండ్లు దాటిన ప్రభుత్వ వాహనములకు రిజిస్ట్రేషను కొనసాగింపు లేదు. వానిని తుక్కు చేయవలెను. దేశరక్షణ కార్యములలోనున్న ప్రత్యేక వాహనములకు మాత్రము మినహాయింపు కలదు. పొగ సంగతి చూచినచో ఇది తప్పని చెప్పలేము. విమానముల కొట్టముగా నెలకొల్పబడినదని ప్రసిద్ధి పొంది, తరువాత బస్సులకు నీడయైన గౌలీగూడ షెడ్డు 2018 జూలైలో కూలినది. 1932 నాటి ఆల్బియను బస్సు నొకదానిని మాత్రము ఆర్.టి.సి. వారు భద్రపరచిరి. దానిని చూచుటకు పోవువారు రంగునే కాక, నట్టుల మూలలను కూడ ఒకసారి పరికింపవలెనని మా కోరిక.