మమ్మీ యను మాట

శవములను చెడకుండ నిలుపు విద్యలో మిక్కిలి ప్రసిద్ధమైన మాట 'మమ్మీ'. దీని చరిత్రమును పాఠకులకు విన్నవించుట యుపయోగకరమని మేము తలంచితిమి.

ఈ మాట ఈజిప్టు దేశపుది కాదు. పారసీకమున 'మూమ్' అనగా మైనము. దానినుండి పుట్టిన 'మూమియా' కొండలనుండి స్రవించు నల్లని కీలువంటి ద్రవ్యమునకు పేరు. అరబ్బు వైద్యులు దానిని మందుగా వాడిరి. ఈజిప్టువారు శవమును ఆర్చుటకు వాడినది 'నాట్రను' అను సహజలవణము. ప్రేవులు మున్నగువానిని తీసివేసి, దేహమును ఆ లవణముతో నార్చి, గుగ్గిలమువంటి బంకలు పూసి, అవిసెనార బట్టలు చుట్టెడివారు. నల్లబడిన ఆ పూతను పరదేశీయులు మూమియా యని భ్రమించిరి. క్రమముగా ఆ పేరు శవమునకే సంక్రమించెను; పేరుతోపాటు లేని మందుగుణమును సంక్రమించెను! ఐరోపాలో శతాబ్దములపాటు శవచూర్ణమును రోగులకు అమ్మిరి. 1582లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రువాజ్ పారే దీనిని ఖండించుచు వ్రాసెను. అయినను ఆ వర్తకము వెంటనే యాగలేదు.

మన రామాయణమునందలి 'తైలద్రోణి'ని చూడుడు. భరతుడు వచ్చువఱకు దశరథుని దేహమును నూనెతొట్టిలో నుంచిరి. ఇచ్చట మాటయే పనిని తెలుపుచున్నది.

నేడు శవరక్షణకు వాడు 'ఫార్మలిన్' ఫార్మాల్డిహైడ్ వాయువును నీట కలిపిన ద్రావకము. రక్తనాళములద్వారా ఎక్కించు ద్రవములందు దీనిని చేర్తురు. ఇది దేహమందలి మాంసకృత్తులను బిగియించి క్రుళ్ళుటను మందగింపజేయును.

అర్థము తెలియని మాట ఐరోపావారిచే శవమును మ్రింగించెను. కావున దుఃఖములో నున్న గృహస్థులకు వైద్యు లిట్టి మాటలను తెనుగున విప్పి చెప్పవలయును. తెలియని మాటకు తల యూచుట సమ్మతి కాదు.