తెల్ల పిట్ట, నల్ల కొమ్మ

ఉప్పలపాడు చెరువు మీద జనవరి మంచు ఇంకా విడలేదు. గుంటూరు పక్కనే, పెదకాకాని మండలంలో, ఊరి ఇళ్లకు ఆనుకుని ఉన్న చెరువు ఇది. పక్షుల కేంద్రం అనగానే పెద్ద అడవిని ఊహించుకుని వచ్చినవాళ్లు డాబాల మీద ఆరేసిన బట్టలు చూసి తికమకపడతారు. నీళ్లలో నిలబడ్డ తుమ్మచెట్ల మీద మాత్రం చోటు లేదు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు. రెట్టల ఘాటు ముక్కుకి తగులుతోంది. ఈ చీకట్లో పిట్టలు పిట్టల్లా లేవు, కొమ్మకొమ్మకీ తెల్లటి ముద్దలు, అంతే. ఎక్కడో కొంగల ముక్కులు టకటకా కొట్టుకుంటున్నాయి.

నీ మెడలో కెమెరా, దానికి 70-300 లెన్స్. పక్కన పెదనాన్న, మఫ్లర్ చెవుల మీదికి లాక్కుని. సగం జీవితం పెళ్లిళ్లు తీసిన స్టూడియో మనిషి. స్టూడియో మూసేసినా కన్ను ఊరుకోదు, ఎవరి చేతిలో కెమెరా కనపడినా పక్కన చేరతాడు.

వ్యూఫైండర్‌కి కన్ను ఆనించి బటన్ సగం నొక్కుతావు. లెన్స్ జుయ్‌మని ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ పోతుంది. ఏదీ పట్టుకోదు.

"ఫోకస్ చుక్క పిట్ట పొట్ట మీద పెట్టావా?" అంటాడు పెదనాన్న, నీవైపు చూడకుండానే.

"అవును."

"అక్కడ దానికి పట్టుకోడానికి ఏముంది తల్లీ? తెలుపు పక్కన తెలుపు. అంచు చూపించు."

చుక్కను జరుపుతావు. కొంగ రెక్క మీద నల్లటి పట్టీ తెల్లటి ఒంటిని తాకేచోట నిలుపుతావు. లెన్స్ ఒక్కసారి కదిలి ఆగిపోతుంది. కెమెరాకి కొంగ తెలీదు, కన్ను తెలీదు. వెలుగూ చీకటీ కలిసే గీత ఒకటి దొరికితే ఆ గీత పదునెక్కేదాకా గాజు కటకాలను జరుపుతుంది. కొత్త కెమెరాల్లో పిట్ట కన్నుని తనంతట తాను వెతికే ఏర్పాటు వచ్చింది, నిజమే. కానీ ఇలాంటి చీకట్లో, కొమ్మల గజిబిజిలో అవీ తడబడతాయి.

కొమ్మల సంగతి వెంటనే తెలిసొస్తుంది. చుక్కల ఎంపిక అంతా కెమెరాకే వదిలేసి ఒక ఫొటో తీసి చూడు. తుమ్మముల్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టం. దాని వెనక గూడబాతు దూదిముద్ద. కెమెరా తనకు దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంది. దాని తప్పేం లేదు, నువ్వు ముల్లు కోసం రాలేదని దానికి ఎవరు చెప్పారు? మెనూలోకి పోయి ఒకే ఒక్క చిన్న చుక్కను ఎంచుకుంటావు. బొటనవేలితో దాన్ని కొమ్మల సందులోంచి జరుపుకుంటూ గూడబాతు కన్ను దాకా తీసుకెళతావు. 300 దగ్గర, ఎఫ్ 5.6తో, పదిహేను మీటర్ల దూరంలో పదునుగా ఉండే మందం దాదాపు అర మీటరే. గూడబాతు ముక్కు నీవైపు తిరిగి ఉంటే తోక ఆ అర మీటరులోకి రాదు. రాకపోయినా పర్వాలేదు. కన్ను మసకైతే మాత్రం ఆ ఫొటోను ఎవరూ క్షమించరు.

పెదనాన్న మొదట పట్టిన కెమెరాల్లో ఈ జుయ్ శబ్దమే లేదు. 1985లో మినోల్టా 7000 వచ్చాకే ఎస్‌ఎల్‌ఆర్ బాడీలో ఆటోఫోకస్ అన్నది బజారులో నిలదొక్కుకుంది. అది మన ఊళ్ల స్టూడియోల దాకా రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అందుకే ఆయన నీ లెన్స్ మీది రింగును అప్పుడప్పుడూ ముట్టుకుంటాడు, అలవాటు కొద్దీ.

తూర్పున ఎరుపు మొదలైంది. ఐఎస్ఓ 3200, ఎఫ్ 5.6, సెకనులో 125వ వంతు. ఈ లెన్స్‌కి 1/125 తక్కువే, చెయ్యి ఏమాత్రం వణికినా అలికినట్టు వస్తుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఊపిరి సగం వదిలి నొక్కుతావు. ఐఎస్ఓ ఇంకా పెంచితే గ్రెయిన్స్. పెంచకపోతే కదలిక. గ్రెయిన్స్‌నే ఎంచుకోవాలి, నన్నడిగితే. మచ్చలున్న ఫొటోను చూడగలం, కదిలిన ఫొటోను ఏం చేసుకుంటాం?

సూర్యుడు ఇళ్ల మీదుగా పైకి వచ్చేసరికి చెరువు రంగు మారిపోతుంది. గూడబాతుల ఒళ్లు తెల్లగా, అంచుల్లో కాస్త బూడిద కలిసి మెరుస్తోంది. ఒకటి గట్టుకు బాగా దగ్గరగా వచ్చి కూర్చుంది. రొమ్ము ఫ్రేమంతా నిండింది. తీస్తావు. వెనక తెర మీద చూస్తే తెలుపు లేదు, ఉతక్కుండా వదిలేసిన పంచె రంగు.

"కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఏం చూసినా నడిమి బూడిద రంగే అనుకుంటుంది," అంటాడు పెదనాన్న. "బొగ్గు చూపించినా, సున్నం చూపించినా. సున్నాన్ని చూసి అమ్మో ఇంత వెలుగేంటని తగ్గిస్తుంది. నువ్వేమో ఇది సున్నమేనని చెప్పాలి."

చెప్పే మార్గం ప్లస్, మైనస్ గుర్తున్న బటన్. దాన్ని పట్టుకుని చక్రం తిప్పి ప్లస్ ఒకటి దాకా తీసుకెళతావు. ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు. మళ్లీ తీస్తావు. ఈసారి తెలుపు తెలుపే, ఈకల గీతలు కూడా కనపడుతున్నాయి. 1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇద్దరు ఈ గొడవనంతా జోన్ సిస్టమ్ అని ఒక పద్ధతిలో పెట్టారు. కటిక నలుపు నుంచి ఒట్టి తెలుపు దాకా మెట్లు కట్టి, మీటరు చూపేది అయిదో మెట్టు అన్నారు. నీకు కావలసింది ఏడో మెట్టో ఎనిమిదో మెట్టో అయితే నువ్వే ఎక్కించుకోవాలి. పెదనాన్నకి ఆ పేర్లు తెలుసో లేదో గానీ, తెల్ల పంచె పెళ్లికొడుకు పక్కన నల్లకోటు బావమరిది నిలబడితే ఏం చెయ్యాలో చేతికి తెలుసు. రీలుకు 36 ఫ్రేములు, కడిగేదాకా ఏం వచ్చిందో తెలీదు. వెనక తెర ఉన్నవాళ్లు నేర్చుకోకపోతే అది బద్ధకమే.

ఇప్పుడు అదే ప్లస్ ఒకటితో దూరంగా చెట్టు మీదున్న ఎర్రకాళ్ల కొంగను తియ్యి. నల్లటి ఆకుల మధ్య చిన్నగా కొంగ. వెనక తెర మీద కొంగ ఒళ్లంతా నల్లగా మిణుకుమిణుకుమంటోంది. అక్కడ వివరం పోయిందని కెమెరా పెట్టే హెచ్చరిక అది. ఈసారి ఫ్రేములో ఎక్కువ భాగం నలుపు. మీటరు ఆ నలుపును బూడిద చెయ్యాలని వెలుగు పెంచింది, దానిమీద నీ ప్లస్ ఒకటి. పిట్ట అదే తెలుపు, ఎండ అదే ఎండ. రొమ్ము ఫ్రేము నిండినప్పుడు ప్లస్, నల్లచెట్టు మధ్య చుక్కలా ఉన్నప్పుడు మైనస్. పుస్తకాల్లో 'తెల్లటి వస్తువుకి ప్లస్' అని ఒక్క ముక్కలో రాసేస్తారు. సగమే నిజం.

"రా ఫైలే గదా, కంప్యూటర్లో సరిచేసుకుంటా పెదనాన్నా."

"చీకటిని కొంత పైకి లాగొచ్చు. కాలిపోయిన తెలుపులో లాగడానికి ఏమీ మిగలదు. చరిత్ర చూడు."

ఆయన చరిత్ర అనేది హిస్టోగ్రామ్‌ని. ఆ పేరు ఎప్పుడు విన్నాడో, ఎలా తర్జుమా చేసుకున్నాడో. గ్రాఫులో కుప్ప కుడి గోడకు అతుక్కుపోయి ఉంది. మైనస్ ఒకటికి తిప్పితే కుప్ప గోడను వదిలి లోపలికి జరుగుతుంది.

గట్టున ఎవరో పిల్లలకు ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయని చెబుతున్నారు. మన ఊళ్లలో ప్రతి పక్షీ సైబీరియాదే. ఈ గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన దేశపువే, ఇక్కడే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి.

ఒక కొంగ పుల్ల కోసం లేచింది. నొక్కి పట్టుకుంటావు, వరసగా ఫొటోలు పడతాయి. చెట్ల ముందు ఎగిరినప్పుడు తెలుపు సరిగ్గానే ఉంది, ఆకాశంలోకి రాగానే కాకిలా నల్లబడింది. పైగా మొదటిది తప్ప అన్నీ మసక. ఫోకస్ మొదట పట్టుకున్న దూరం దగ్గరే బిగుసుకుపోయింది.

రెండు పనులు చెయ్యాలి. ఫోకస్‌ని వెంటాడే పద్ధతిలోకి మార్చు. నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ, కెనాన్‌లో సర్వో. రెండోది, మోడ్ చక్రాన్ని 'ఎమ్' మీద పెట్టు.

మాన్యువల్ అనగానే భయపడతారు గానీ ఇక్కడ అదే సులువు. కొంగ వెనక చెట్టుందా, ఆకాశముందా అన్నది కొంగ మీద పడే ఎండకు సంబంధం లేని విషయం. పెదనాన్న తన అరచెయ్యి ఎండలోకి చాపుతాడు. "దీన్ని కొలువు. అరచెయ్యి నడిమి బూడిద కంటే ఒక మెట్టు తెలుపు. ఒక స్టాప్ ఎక్కువ పెట్టుకో." కొలిస్తే ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6, 1/1000 దగ్గర నిలిచింది. రెక్కలు ఆగాలంటే 1/2000 కావాలి. వెలుగు సగమవుతుంది, ఐఎస్ఓ 800 చేస్తే మళ్లీ సరి.

కొంగ పుల్ల పట్టుకుని తిరిగొస్తోంది. ముందే చుక్కలోకి తీసుకుని, నడుము నుంచి తిరుగుతూ దాంతో పాటే కదులుతావు. ఆకాశం, డాబా, నీళ్లు, చెట్లు. వెనక ఏది మారినా కొంగ తెలుపు మారలేదు. నాలుగైదు మసకే, ఒకదాంట్లో రెక్క కొస తెగింది. మిగతావాటిలో రెక్కల దగ్గరి గులాబీ రంగు ఈకలు విడివిడిగా ఉన్నాయి.

"ఇంక ఇటు రా," అంటాడు పెదనాన్న, సూర్యుడికి ఎదురుగా నడుస్తూ.

"ఇటు తీస్తే నల్లగా వస్తాయి గదా?"

"రానీ. ఎంత నల్లగా కావాలో నువ్వు చెప్పు."

ఎండ గూడబాతు వెనక నుంచి వస్తోంది. 1/4000 పెడితే ఆకాశం పసుపు నిలిచింది, పక్షి నల్లటి బొమ్మ. అంతలో అది ముక్కు తెరిచింది. కింది సంచిలోంచి ఎండ దూరి పలచటి చర్మం నారింజ రంగులో వెలిగింది. ఫొటోలో ఆ వెలుగు సగమే వచ్చింది.

"సంచి కావాలా, ఆకాశం కావాలా?"

"సంచి."

"అయితే 1/1600కి దించు. ఆకాశం పోతుంది మరి."

"పోనీ పెదనాన్నా," అని చక్రం నాలుగు నొక్కులు వెనక్కి తిప్పి, చుక్కను ముక్కు అంచు మీద పెట్టి, అది మళ్లీ నోరు తెరిచేదాకా ఆగుతావు.